అమ్మకపు పన్నుకూ నిదాన పరివర్జనమే మందు

2025 వేసవిలో మైపాడు దిక్కు పల్లె నుండి ఒక ఇల్లాలు నా వద్దకు వచ్చినది. నలువది దాటిన వయస్సు. రెండు మాసాలుగా నిద్ర లేదు, ఆకలి మందగించినది, పడుకొనగానే గుండె దడ. నాడి చూచితిని. వాతం ప్రకోపించినదని తెలియుచునే ఉన్నది గాని, ఆహార విహారాలలో దోషమేమియు కనబడలేదు. "ఎప్పటి నుండి అమ్మా?" అని అడిగితిని. "నోటీసు వచ్చినప్పటి నుండి అయ్యా" అన్నది. సంచిలో నుండి రక్తపరీక్ష కాగితాలు తీయుననుకొంటిని. ఆమె తీసినది పన్నుల శాఖ వారి కాగితం.

ఆరోగ్య పత్రికలో పన్నుల గొడవ ఎందుకని పాఠకులు అనుకొనవచ్చును. ఈనాడు మన మధ్యతరగతి ఇండ్లలో తలనూనెలు, చూర్ణాలు, లేహ్యాలు, సున్నిపిండి, తేనె ఆన్‌లైన్ దుకాణం ద్వారా అమ్ముకొనుచున్న ఇల్లాండ్రు అనేకులు. వారికి వచ్చుచున్న నిద్రలేమికి కారణం పిత్తమూ కాదు, కఫమూ కాదు. దుకాణం తెరిచిన మొదటి దినాన పన్ను గడిని తోచినట్లు నింపుటయే ఆ కారణం. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ఇల్లాలు కొబ్బరినూనెలో గుంటగలగర, కరివేపాకు, మెంతులు వేసి తలనూనె కాచును. తయారీకి కావలసిన లైసెన్సు ముందే తీసుకొన్నది. నూనె మంచిది, నేనే వాసన చూచి, చేతికి రాచుకొని చూచితిని. మొదట చుట్టుపక్కల వారికి అమ్మినది. తరువాత చెల్లెలి కుమారుడు కంప్యూటరులో ఒక దుకాణం అమర్చి ఇచ్చినాడు. పన్ను కాక ఏడాదికి ఆరు లక్షల రూపాయల అమ్మకం జరిగినది. అందులో నాలుగు లక్షల రూపాయల సరుకు చెన్నపట్టణానికి, బెంగుళూరుకు పోయినదే.

జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ తీసుకొనునపుడు ఎవరో తెలిసినవారు, "కాంపోజిషన్ పద్ధతిలో చేరండి, ఒక్క శాతంతో పోవును" అని సలహా ఇచ్చినారు. దుకాణం అమర్చిన కుర్రవాడు, అప్పటికి తలనూనెకు పన్ను పద్దెనిమిది శాతం గనుక, పన్ను గడిలో పద్దెనిమిది అని నింపినాడు. రెండు సలహాలూ విడివిడిగా సబబుగానే తోచును. మన నెల్లూరి చేపల పులుసు మంచిదే, పాలు మంచివే. రెండింటిని ఒక్క పూట భుజించిన విరుద్ధాహారమగును. ఇక్కడ జరిగినదీ అదియే.

కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు తమ లాభం నుండి స్వల్ప శాతం కట్టుకొనవలెనే గాని, కొనుగోలుదారుని వద్ద పన్ను వసూలు చేయరాదు. వస్తువులను పొరుగు రాష్ట్రానికి అమ్మనూ రాదు. ఈమె చేతికి పన్ను పేరిట వచ్చినది 1,08,000 రూపాయలు. ప్రభుత్వానికి కట్టినది 6,000 రూపాయలు. మిగిలిన సొమ్ము తన లాభమే అనుకొని సీసాలకు, కొబ్బరికి, కొరియరు ఖర్చులకు వాడినది. పన్ను పేరిట వసూలు చేసిన ప్రతి రూపాయి ప్రభుత్వానికి చెందును. దానికి ఏటికి పద్దెనిమిది శాతం వడ్డీ, ఆపైన జరిమానా. చేతి గాజులు కుదువకు పోయినవి. ఆమె ఎవరినీ మోసగించవలెనని తలచలేదు. అయినను వ్యాధి ఉద్దేశాన్ని చూచి రాదు గదా!

మా గురువుగారు గురుకులంలో మాకు మొదట నేర్పినది మందులు నూరుట కాదు, నిదాన పరివర్జనం. అనగా రోగకారణాన్ని ముందే తొలగించుట. పన్ను విషయంలోను మూడు ప్రశ్నలు ముందే వేసుకొన్నచో నూటికి తొంబది తప్పులు పుట్టకయే పోవునని నా అభిప్రాయం. ద్రవ్యమేది? ఏ దేశానికి పోవుచున్నది? కాలమేది? వైద్యుడు మందిచ్చునపుడు వేసుకొను ప్రశ్నలే ఇవి.

మన కోస్తా వారికి దేశమే ముఖ్యం గనుక ముందు దానిని చెప్పెదను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడువరకు నెల్లూరు, మద్రాసు ఒకే రాష్ట్రంలో ఉండినవి. ఈనాటికీ మనవారికి పెండ్లి చీరలైనా, పెద్ద వైద్యమైనా చెన్నపట్టణమే. తడ దాటిన తరువాత రాష్ట్రం మారినదని మనస్సుకు తోచదు. పూర్వం భీమునివారిపాళెం చెక్‌పోస్టు వద్ద లారీలు వరుసగా నిలిచియుండుట చూచినప్పుడైనా సరిహద్దు జ్ఞప్తికి వచ్చెడిది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత అమ్మకపు పన్ను తనిఖీ అక్కడ లేదు. కాని సరిహద్దు పోలేదు. అది మీ దుకాణపు లెక్కల గడిలోనికి వచ్చి కూర్చున్నది.

నియమం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో కేవలం వస్తువులు మాత్రమే, రాష్ట్రం లోపలనే అమ్మువారికి ఏటికి 40 లక్షల రూపాయల అమ్మకం వరకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. పన్ను పడు వస్తువును ఒక్క సీసా అయినను పొరుగు రాష్ట్రానికి అమ్మినచో మొదటి రూపాయి నుండియే రిజిస్ట్రేషన్ తప్పదు. చట్టం పేర్కొన్న కొన్ని హస్తకళా వస్తువులకు సడలింపు కలదు గాని నూనెలకు, లేహ్యాలకు అది వర్తింపదు. విదేశంలోని వారికి అమ్మి పంపినను రాష్ట్రాంతర అమ్మకంగానే లెక్కింతురు. ఎగుమతికి పన్ను భారం లేదు, కాని రిజిస్ట్రేషనూ, పన్ను కట్టక పంపుటకు ముందుగా ఇయ్యవలసిన హామీ పత్రమూ కావలెను.

పన్ను చీలిక కూడ దేశాన్ని బట్టియే. నెల్లూరు నుండి విజయవాడకు పోయిన సీసాపై పన్నులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. చెన్నపట్టణానికి పోయినచో మొత్తం ఐ.జి.ఎస్.టి. అను ఒకే పద్దు. దుకాణంలో రెండు సగాల గడినే అన్ని ఊళ్ళకు ఉంచుట మిక్కిలి సాధారణమైన పొరపాటు. ఒక పద్దుకు బదులు మరొక పద్దులో పన్ను కట్టినవారు సరియైన పద్దులో మరల కట్టి, పొరపాటున కట్టినదానిని తిరిగి కోరవచ్చును. దీనికి వడ్డీ లేదు. కాని ఒకే పన్నును రెండుమార్లు చేతి నుండి పెట్టి, తిరిగివచ్చుదాక ఎదురుచూడగల శక్తి చిన్న ఇంటికి ఎక్కడిది?

ఇంకొక చిక్కు. చెన్నైలోని కుమారుడు డబ్బు చెల్లించి కావలిలోని తల్లికి నూనె పంపించుమన్నాడు. ఇది ఏ రాష్ట్రపు అమ్మకం? రిజిస్ట్రేషన్ లేని సాధారణ కొనుగోలుదారుల విషయంలో సరుకు చేరవలసిన చిరునామాయే ప్రమాణమని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2024 జూన్‌లో స్పష్టం చేసినది. కావున ఇది ఆంధ్రప్రదేశ్ అమ్మకమే. బిల్లుమీద చేరవలసిన చిరునామాను రాష్ట్రం పేరుతో సహా వ్రాయవలెను.

పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళ ద్వారా అమ్మువారికి పూర్వం ఎంత తక్కువ అమ్మకమైనను రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుండి రాష్ట్రం లోపల మాత్రమే అమ్ము చిన్నవారు, పాన్ నంబరుతో పోర్టల్‌లో నమోదు సంఖ్య ఒకటి తీసుకొని, పరిమితి దాటువరకు రిజిస్ట్రేషన్ లేకయే అమ్మవచ్చును. రిజిస్ట్రేషన్ ఉన్నవారి సొమ్ము నుండి ఆ అంగడివారు అర శాతం ముందే పట్టుకొని ప్రభుత్వానికి జమ చేయుదురు. 2024 జూలై 10కి పూర్వం అది ఒక శాతం. ఆ సొమ్ము మీ ఖాతాలో కనబడును, దానిని మరువక వాడుకొనవలెను. స్వంత దుకాణమైనచో అట్టి లెక్క చూచువారెవ్వరూ ఉండరు. బాధ్యత అంతయు మీదే.

ఇక ద్రవ్యం. ఒకే పేటికలో పంపు నాలుగు వస్తువులకు నాలుగు గతులు ఉండవచ్చును. పచ్చి తులసికి, అడ్డసరానికి పన్ను లేదు. వానినే ఎండబెట్టి అమ్మినచో 5 శాతం. కుంకుమకు, డబ్బాలోని కాటుకకు పన్ను లేదు. ఆయుర్వేద ఔషధాలకు 12 శాతంగా, తలనూనెకు 18 శాతంగా ఉండిన పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి రెండింటికీ 5 శాతమైనది. ముఖానికి రాయు లేపనాలకు మాత్రం 18 శాతమే. దుకాణం అంతటికీ ఒకే శాతం పెట్టుట, అన్ని రోగాలకు ఒకే గుళిక ఇచ్చుట వంటిది. ప్రతి వస్తువుకు దాని హెచ్.ఎస్.ఎన్. సంఖ్యను విడిగా వ్రాసి పెట్టుకొనవలెను. ఔషధాలు 3004, తలనూనెలు 3305, సౌందర్య లేపనాలు 3304, మూలికలు 1211.

వస్తువు పేరు గురించి మన దేశంలో పెద్ద వ్యాజ్యాలే నడిచినవి. వైద్యనాథ్ ఆయుర్వేద భవన్ వారి ఎర్ర పండ్లపొడి ఔషధమా, నిత్యం పండ్లు తోముకొను పొడియా అను ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయినది. 1995లోను, మరల 2009లోను న్యాయస్థానం అది పండ్లపొడియే అన్నది. అందలి మూలికలు శాస్త్రంలో ఉన్నను, జనులు దానిని ఏమని కొనుచున్నారన్నదే అక్కడ ముఖ్యమైనది. కొబ్బరినూనె వంటనూనెయా, తలనూనెయా అను వివాదం కూడ ఏండ్ల తరబడి సాగినది. చిన్న సీసాలో పోసినంత మాత్రాన అది తలనూనె కాదనియు, తలనూనె అని పేరు పెట్టి అమ్మినప్పుడే తలనూనె అగుననియు 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది.

ఈ రెండు తీర్పుల సారం మన ఇంటి వ్యాపారానికి మిక్కిలి ఉపయోగకరం. సీసామీద మీరు వ్రాసిన పేరే మీ పన్నును నిర్ణయించును. పన్నులో ఆరు శాతం తేడా ఉన్న రోజులలో, "తలనూనెకు ఔషధమని పేరు పెట్టుటకు మీ పేరు వాడుకొందుము" అని నన్ను అడిగినవారు కలరు. నేను అంగీకరింపలేదు. ఔషధమని వ్రాసిన క్షణాన అది 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం క్రిందికి వచ్చును. ఆయుర్వేద ఔషధాన్ని తయారుచేసి అమ్ముటకు లైసెన్సు కావలెను. వైద్యుడు తన రోగికి స్వయంగా తయారుచేసి ఇచ్చు మందుకు ఆ చట్టంలో మినహాయింపు ఉన్నది. ఆన్‌లైన్ దుకాణంలో ముక్కు మొగము తెలియని వారికి అమ్ము సీసాకు ఆ మినహాయింపు చెల్లదు. తినుటకు అమ్ము తేనెకు, లేహ్యానికి ఆహార భద్రతా సంస్థ వారి అనుమతి విడిగా కావలెను. పన్ను కొరకు పేరు మార్చుట పథ్యం కొరకు రోగం పేరు మార్చుట వంటిది. వస్తువు ఏదైతే అదే పేరు వ్రాయవలెను.

మూడవది కాలం. రిజిస్ట్రేషన్ రాకమునుపు కొనుగోలుదారుని వద్ద జి.ఎస్.టి. అని ఒక్క పైసా తీసుకొనరాదు. ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. ఎవరైనా అడిగినచో అది వారి పనికి కూలి మాత్రమే. చిన్న వ్యాపారులలో అర్హులైనవారికి మూడు పనిదినాలలో రిజిస్ట్రేషన్ ఇచ్చు సులభ పద్ధతి 2025 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున తొందరపడి ముందే అమ్ముట ఎందుకు?

రిజిస్ట్రేషన్ తీసుకొన్న తరువాత అమ్మకం లేని మాసాలలో లెక్క దాఖలు చేయనక్కరలేదని అనుకొనుట మరొక సామాన్య దోషం. శూన్యమైనను శూన్యమని చెప్పవలెను. చెప్పకున్నచో గరిష్ఠ పరిమితికి లోబడి దినానికి 20 రూపాయలు, అమ్మకం ఉన్నచో 50 రూపాయలు ఆలస్య రుసుము పడును. ఎడతెగక మానివేసినచో రిజిస్ట్రేషనే రద్దు కావచ్చును. ఏటికి 5 కోట్ల లోపు అమ్మకం గలవారు మూడు మాసాలకొకమారు లెక్క దాఖలు చేయు పద్ధతిని ఎంచుకొనవచ్చును. పన్ను మాత్రం నెల నెలా కట్టుచుండవలెను.

శాతాలు మారినప్పుడు దుకాణంలోని గడి దానంతట అది మారునని భ్రమపడరాదు. 2025 సెప్టెంబరు 22 తరువాతను తలనూనెకు 18 శాతమే వసూలు చేసినవారు కొనుగోలుదారుని నష్టపరిచినవారే. ఆ అదనపు సొమ్మును ప్రభుత్వానికి కట్టవలసినదే.

ధర విషయం కూడ ఇక్కడనే చెప్పవలెను. సీసామీద ముద్రించు గరిష్ఠ చిల్లర ధర అన్ని పన్నులతో కూడినది. 210 రూపాయలని ముద్రించి, బిల్లులో దానిపై మరల 5 శాతం వేయరాదు. ఆ 210లోనే అసలు ధర 200, పన్ను 10. కొరియరు ఖర్చు అని విడిగా తీసుకొన్న సొమ్ముకు కూడ ఆ వస్తువుకు పడు శాతమే పడును. చాలమంది దీనిని మరతురు, సంవత్సరాంతాన ఆడిటరు గారి వద్ద కండ్లు తెరుతురు.

ఇంతవరకు గృహస్థులకు చెప్పితిని. పాలకులకును ఒక మాట చెప్పవలసి ఉన్నది. నెల్లూరు ఇల్లాలు ఇచ్ఛాపురానికి ఎన్ని సీసాలు పంపినను 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అంతకంటె ఎంతో దగ్గరలో, సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నపట్టణానికి ఒక్క సీసా పంపినచో కావలెను. సేవలు అందించువారికి రాష్ట్రం దాటినను 20 లక్షల వరకు సడలింపు 2017 నుండియే ఉన్నది. చెన్నై విద్యార్థికి కంప్యూటరులో పాఠం చెప్పు ఉపాధ్యాయురాలికి లేని భారం, ఆ విద్యార్థి తల్లికి నూనె పంపు ఇల్లాలికి ఎందుకు?

సరుకు చేరు చోటనే పన్ను అను సూత్రం ఇతర దేశాలలోను ఉన్నది, కాని అక్కడ చిన్నవారికి కొంత మినహాయింపు ఇచ్చినారు. తమ రాష్ట్రంలో అంగడి లేని వ్యాపారి నుండియు అమ్మకపు పన్ను కోరవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 2018 జూన్ 21న వేఫెయిర్ వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. అప్పుడు విచారణలో ఉన్న సౌత్ డకోటా చట్టం కూడ ఆ రాష్ట్రంలో ఏటికి లక్ష డాలర్ల అమ్మకమో, 200 లావాదేవీలో దాటినవారికే వర్తించెడిది. ఐరోపా సమాఖ్యలో 2021 జూలై 1 నుండి, ఏటికి పదివేల యూరోలకు మించని సరిహద్దు అమ్మకాలకు చిన్న వ్యాపారి తన దేశపు పన్నునే వేసుకొనవచ్చును. మనము 2023లో రాష్ట్రం లోపలి అమ్మకానికి ఇచ్చిన సడలింపును, సేవలకు ఉన్న 20 లక్షల పరిమితి వరకైనను పొరుగు రాష్ట్రపు అమ్మకానికి విస్తరింపజేయుట న్యాయం. పన్ను ఎగవేయుటకు దారి ఇయ్యుమని నేను కోరుట లేదు. బాలునికి పెద్దవాని మోతాదు ఇయ్యవలదని మాత్రమే కోరుచున్నాను.

అట్టి సవరణ వచ్చువరకు ఉన్న నియమాన్నే పాటింపవలెను. దుకాణం తెరువక మునుపు ఒక తెల్ల కాగితం మీద మీ వస్తువుల పేర్లు, వాని సంఖ్యలు, శాతాలు వ్రాయండి. ఏయే రాష్ట్రాలకు పంపదలచినారో వ్రాయండి. రాష్ట్రం దాటు ఉద్దేశం ఉన్నచో కాంపోజిషన్ జోలికి పోవలదు. ఆ కాగితం పట్టుకొని ఆడిటరు గారి వద్దకు పోయి, దుకాణంలోని గడులు నింపునపుడు ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి. పన్ను సొమ్ముకు బ్యాంకులో వేరే ఖాతా ఉంచి, వచ్చిన దినాననే అందులో వేయండి. ఇంటి ఖర్చులో కలిసిన పన్ను సొమ్ము పాలలో కలిసిన నీటివలె మరల వేరుపడదు.

ఆ ఇల్లాలికి అశ్వగంధ చూర్ణం పాలతో పుచ్చుకొనుమని, రాత్రి పడుకొనుటకు ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుకొనుమని చెప్పితిని. వెంటనే ఆడిటరు గారి వద్దకు కూడ పంపితిని. ఆమె కాంపోజిషన్ వదలి, సాధారణ పద్ధతిలో చేరినది. పాత బాకీని కొంత కొంతగా తీర్చుచున్నది. మొన్న మరల వచ్చినప్పుడు నాడి నెమ్మదించి ఉన్నది. "నిద్ర పట్టుచున్నది అయ్యా, గాజులే ఇంకను రాలేదు" అన్నది. అశ్వగంధ కొంత పని చేసినదేమో గాని, ఎంత కట్టవలెనో, ఎప్పుడు కట్టవలెనో తెలిసినందుననే ఆమెకు ఎక్కువ ఉపశమనం కలిగినదని నా నమ్మకం.